ఎర్రగుడ్డ కట్టిన లింకు

వెర్నెల్ ఇంట్లో ఏది లేకపోయినా పాత స్ప్రింగులకు మాత్రం కొదవ లేదు. గ్రీన్‌విల్ ఊళ్ళో ఎవరి గ్యారేజీ తలుపు మొరాయించినా అతనికే కబురు వచ్చేది. కొత్త స్ప్రింగు బిగించి, పాతది ట్రక్కు వెనకాల పడేసుకుని ఇంటికి చేరేవాడు. అలా చేరినవన్నీ పెరట్లో షెడ్డు గోడవారన గుట్టపడి తుప్పు పట్టేవి. కాపురం చేసినన్నాళ్ళూ వాటి గురించి భార్య లోరీన్ నస పెట్టింది. చివరికి ఆవిడ మెంఫిస్ వెళ్ళిపోయింది, స్ప్రింగులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఆవిడతోపాటు ఆవిడ తమ్ముడు హోషియా కూడా వెళ్ళి ఉంటే వీధికి కాస్త ప్రశాంతత దక్కేది. అతను వెళ్ళలేదు. రెండిళ్ళ అవతలే మకాం. పెళ్ళి పెటాకులైనా బావమరిది వరస తెగలేదంటూ, పొద్దు వాలగానే మడత కుర్చీ చంకన పెట్టుకుని వెర్నెల్ పెరట్లోకి వచ్చేవాడు. అతనికి సామ్సన్ అని ఒక కుక్క ఉంది. దాని గొప్పలు చెప్పడం మొదలుపెడితే ఎదుటివాడికి దోమలు కుట్టేదాకా ఆపేవాడు కాదు.

అలాంటి ఇంటికి, చలి తగ్గి చెట్లు చిగుళ్ళు వేసే రోజుల్లో జూనీ వచ్చింది.

జూనీ అనేది వెర్నెల్ అక్క ఒజెల్లా పెంచుకున్న కుక్క. ఒజెల్లా మిసిసిపీ నది మీద సరుకు నింపిన బార్జీలను తోసుకుపోయే పడవలో వంట చేస్తుంది. ఓ నెల నీళ్ళ మీద ఉంటే రెండు వారాలు నేల మీద ఉంటుంది. ఆవిడ పడవెక్కినప్పుడల్లా కుక్కను చూసుకునే స్నేహితురాలు వేరే ఊరికి మారిపోవడంతో తెచ్చి తమ్ముడి గుమ్మంలో దింపింది. బెల్లంపాకం రంగు, వెడల్పాటి తల, గట్టి మెడ. పిట్‌బుల్ అని చూసి దారినపోయేవాళ్ళు రోడ్డు అవతలికి తప్పుకునేవారు గాని, ఉరుము వినిపిస్తే మంచం కింద దూరే రకం అది.

వచ్చిన వారంలోనే సోఫా చెయ్యి ఒకటి కొరికి పీచు చేసింది. వెర్నెల్ పడవకు ఫోన్ చేశాడు.

"అక్కా, నీ కుక్క నా సోఫా తినేసింది."

"మొత్తం తినేసిందా?"

"కుడి చెయ్యి."

"ఎడం చెయ్యి ఉంది కదా, దానిమీద ఆనుకో. నేనొచ్చాక చూస్తాలే," అని ఒజెల్లా ఫోన్ పెట్టేసింది.

వచ్చాక చూసింది కూడా. పెరట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, స్ప్రింగుల గుట్ట వంకా పికాన్ చెట్టు కొమ్మ వంకా మార్చి మార్చి చూసింది.

"ఇన్ని స్ప్రింగులు పెట్టుకుని కుక్కకి ఆట లేకుండా చేశావేంట్రా? దాని ఒంట్లో బలమంతా ఏం చేసుకుంటుంది మరి? సోఫాలే తింటుంది."

"హోషియాగాడు సామ్సన్‌కి కట్టినట్టు కట్టమంటావా?"

"వాడు కట్టింది చూస్తే కుక్కని ఉరేసినట్టుంటుంది. నేను చెప్పినట్టు కట్టు."

ఆ వీధిలో ఆ ఆట లేని పెరడు తక్కువ. చెట్టు కొమ్మకు స్ప్రింగు, స్ప్రింగుకు తాడు, తాడు చివర కుక్క కరిచి పట్టుకోవడానికి ఏదో ఒక ముక్క. కుక్క లాగితే స్ప్రింగు సాగుతుంది, మళ్ళీ వెనక్కి లాగుతుంది. మనిషి చేతులు నొప్పెట్టకుండా కుక్కకు కావలసినంత పోటీ దొరుకుతుంది. అంతవరకు మంచిదే. కాని కుర్చీల్లో కూర్చున్న మగాళ్ళ చూపు కుక్క లాగడం మీద ఉండేది కాదు, తాడు ఎత్తు మీద ఉండేది. ఎవడి కుక్క ఎంత ఎత్తున, నాలుగు కాళ్ళూ గాలిలో పెట్టి, ఎంతసేపు వేలాడిందన్నదే వాళ్ళకు ముఖ్యం. వేలాడింది కుక్క అయినా తల ఎగరేసేది యజమాని. ఇందులో ఏం ఘనత ఉందో ఆ కుర్చీలకే తెలియాలి.

ఒజెల్లా మొదటిరోజు అసలు చెట్టు జోలికే పోలేదు. పాత ఫైరింజన్ పైపు ముక్క ఒకటి సంపాదించి, తాడు చివర ముడేసి, నేలమీద పాములా లాగుతూ జూనీ ముందు తిప్పింది. జూనీ దాన్ని గబుక్కున పట్టుకుంది. వెంటనే తాడు తమ్ముడి చేతిలో పెట్టింది.

"నువ్వే ఆడు. నేనుండను కదా. నీ మాటే అది నేర్చుకోవాలి."

"ఏ మాట?"

"వదలమనే మాట. ఏదో ఒకటి అనుకో. రోజూ అదే అనాలి, వేరేది అనకూడదు."

వెర్నెల్ ఆలోచించి, కొంచెం సిగ్గుపడుతూనే, "ఇక చాలు తల్లీ," అన్నాడు. జూనీ చెవి కూడా కదపలేదు. ఒజెల్లా ఉడికించిన కోడి కందనకాయ ముక్క దాని ముక్కు దగ్గర పెట్టింది. పైపు ముక్క జారి పడింది, కందనకాయ లోపలికి పోయింది.

"చూశావా, లాక్కుంటే దానికి పంతం వస్తుంది. బదులిస్తే నమ్మకం వస్తుంది. ఇంకోటి విను. ఆ మాట ఉత్తుత్తినే ఎప్పుడూ అనకు. అన్నావంటే అది వదలాలి, వదిలిందంటే దానికి ముక్క దొరకాలి."

ఆ రెండు వారాల్లో జూనీ ఆ మాట ఎంత బాగా నేర్చుకుందంటే, ఎంత ఊపుమీద గుంజుతున్నా వెర్నెల్ నోరు తెరిచి "ఇక చా" అనేసరికే వదిలేసి, కూర్చుని, కందనకాయ ముక్కలుండే అతని జేబు వైపు చూసేది. వెర్నెల్‌కు ఎంత సంతోషమయిందంటే, పని మీద వెళ్ళిన ఇళ్ళలో కూడా తలుపు బిగిస్తూ ఇదే కథ చెప్పేవాడు.

అప్పుడు గాని ఒజెల్లా చెట్టుకు కట్టనివ్వలేదు. గుట్టలో నుంచి తుప్పులేని స్ప్రింగు ఏరించింది. అది తెగి కుక్క మొహాన కొట్టకుండా దాని లోపలినుంచి ఒక గొలుసు దూర్పించింది. చెట్టు కింద మట్టి గట్టిగా ఉందని కోతమిల్లు నుంచి రంపంపొట్టు తెప్పించి మెత్తగా పరిపించింది. స్ప్రింగు కింద కొక్కెం, ఆ కొక్కేనికి తగిలించిన ఇంకో గొలుసు, దాని చివర తాడు, పైపు ముక్క. జూనీని పక్కన నిలబెట్టి గొలుసు ఒక్కో లింకూ దించుతూ, పైపు దాని ఛాతీ ఎత్తుకు వచ్చాక ఆగింది. జూనీ పట్టుకుని గుంజింది. ముందు కాళ్ళు అప్పుడప్పుడు లేచినా వెనక పాదాలు రెండూ నేలమీదే ఉన్నాయి. ఒజెల్లా తన వంట ఏప్రాన్ అంచు చింపి, కొక్కెంలో ఉన్న లింకుకు ఎర్రటి పీలిక ముడేసింది.

"ఈ లింకే కొక్కెంలో ఉండాలి. కింది లింకు ఒక్కటి కూడా ఎక్కించకు."

"ఇది ఎగరగలదక్కా. ఆ కాళ్ళు చూడు."

"ఎగరడం ఎందుకు చేతకాదు? దిగడమే చేతకాదు. ఏ కుక్కకీ చేతకాదు. పైనుంచి మెలిపడి దిగితే మోకాళ్ళు పోతాయి, నడుము పోతుంది. ఆట ఆడించే ముందు నడిపించు, కాళ్ళు వేడెక్కాలి. తిన్నాక ఆడించకు. ఎండలో ఆడించకు. ఇంకా కావాలని చూస్తున్నప్పుడే ఆపెయ్. విసుగొచ్చేదాకా ఆడిస్తే అది ఆట కాదు, చాకిరీ."

వెళ్ళేరోజు ట్రక్కు దగ్గర నిలబడి, మొహం వేరే వైపు తిప్పుకుని అసలు మాట చెప్పింది.

"దీనికి నా రాకపోకలు పడట్లేదురా. నేను బయల్దేరిన ప్రతిసారీ తిండి ముట్టకుండా గుమ్మం దగ్గర పడుంటుంది. ఈ ఎండాకాలం నీ దగ్గర కుదురుగా ఉందంటే నీకే ఇచ్చేస్తా."

"చూద్దాంలే," అన్నాడు వెర్నెల్, తనకు పెద్ద పట్టనట్టు. ట్రక్కు మలుపు తిరిగాక జూనీ పక్కన మెట్టు మీద కూలబడి దాని మెడచుట్టూ చెయ్యి వేశాడు. అది తనదైతే చాలనుకున్నాడు. లోరీన్ వెళ్ళాక ఇంటికొచ్చి తాళం తీస్తే ఎదురొచ్చే ప్రాణి లేదు. ఇప్పుడు తాళం చెవి చప్పుడుకే లోపల తోక నేలకేసి కొట్టుకోవడం వినిపిస్తోంది. ఆ చప్పుడు లేని ఇంట్లో మళ్ళీ ఉండాలంటే అతనికి భయం వేసింది.

ఆ భయంతోనే అన్నీ పొల్లుపోకుండా చేశాడు. పొద్దున్నే ఎండెక్కకముందు ఏటిగట్టు మీద నడిపించేవాడు. జూనీ గట్టుమీద ఆగి దూరాన పోయే బార్జీల వైపు మూతి చాచి వాసన చూసేది. "మీ అమ్మ ఆ పడవలో లేదే, ఇంకా కింద ఎక్కడో ఉంది," అని చెప్పేవాడు. ఇంటికొచ్చాక చెట్టు కింద కాసేపు ఆట. ఆట అయ్యాక పెదవులెత్తి చిగుళ్ళకు రక్తం ఉందేమో చూసి, నీళ్ళు పెట్టి, చెట్టు నుంచి తాడు విప్పి షెడ్డులో పెట్టి తాళం వేసేవాడు. తను దగ్గర లేకుండా ఒక్కపూట కూడా చెట్టు దగ్గరికి వదల్లేదు. సోఫా ఎడం చెయ్యి క్షేమంగా మిగిలింది.

ఒజెల్లా ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "ఎర్రగుడ్డ ఎక్కడుంది?"

"కొక్కెంలోనే ఉందక్కా."

ఇదంతా కుర్చీలోంచి చూస్తూ హోషియా ఊరుకునే మనిషా? "బావా, నువ్వు కుక్కని పెంచుతున్నావా, బాలింతని చూసుకుంటున్నావా?" అనేవాడు. వెర్నెల్ నవ్వి ఊరుకునేవాడు. చూసేవాళ్ళు లేనప్పుడు ఎవడి మాటయినా నవ్వి ఊరుకోవచ్చు.

ఎండాకాలం సగం గడిచాక ఒక శనివారం వెర్నెల్ పెరట్లో చేపల వేపుడు పెట్టాడు. పిలవకపోయినా పోయేది. కాని అతనికి జూనీని నలుగురికీ చూపించాలని ఉంది, అది ఎలా మాట వింటుందో చూసి నలుగురూ ఔరా అనాలని ఉంది. మధ్యాహ్నానికి పెరడంతా మడత కుర్చీలు, పెద్ద బాణలిలో క్యాట్‌ఫిష్ ముక్కలు, మొక్కజొన్న పిండి ఉండలు, మంచు డబ్బాలో బీరు సీసాలు. తనతో పనిచేసేవాళ్ళు, చర్చిలో పాడేవాళ్ళు, ఇరుగుపొరుగు మగాళ్ళు అందరూ వచ్చారు. జూనీ ఒడి ఒడికీ తిరిగి ముక్కలు వసూలు చేసుకుంది. పొద్దు దిగాక ఆడిద్దామనుకున్నాడు గాని, అందరూ అడిగితే ఆగలేకపోయాడు. నడిపించలేదు. కడుపు నిండుగా ఉందన్న సంగతి కూడా తలుచుకోలేదు.

జూనీ పైపు పట్టుకుని నాలుగు గుంజులు గుంజింది. "ఇక చాలు తల్లీ," అనగానే టక్కున వదిలి కూర్చుంది. వెర్నెల్ గర్వంగా చుట్టూ చూశాడు. ఇద్దరు ముగ్గురు మర్యాదకు తలలూపారు.

హోషియా చేప ముల్లు పళ్ళెం అంచుకు తీసిపెట్టి అన్నాడు. "బాగుంది బావా, బాగుంది. చంటిపిల్లల ఉయ్యాల బాగా కట్టావు."

కుర్చీలన్నీ నవ్వాయి.

"అక్క ఎత్తు పెంచొద్దంది," అన్నాడు వెర్నెల్. అని నాలిక్కరుచుకున్నాడు.

"అక్క ఒద్దందంట!" హోషియా పక్కవాడి తొడ చరిచాడు. "మా సామ్సన్ నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి వేలాడతాడు, నేను భోజనం చేసొచ్చేదాకా వదలడు. నీ కుక్కకేమో పాదం లేవకూడదు. బావా, ఒకటి చెప్పనా? మా లోరీన్ అనేది. ఈ మనిషి ఏదీ నేల విడిచి చెయ్యడురా, అందుకే ఇక్కడ ఉండలేకపోతున్నానురా అని."

లోరీన్ ఆ మాట అన్నదో లేదో దేవుడికి తెలియాలి. హోషియా అబద్ధాలకు లెక్క లేదు. కాని నలుగురిలో ఆ మాట వినేసరికి వెర్నెల్‌కు తల కొట్టేసినట్టయింది. అప్పుడు లేచి ఇంట్లోకి వెళ్ళిపోయినా సరిపోయేది. బాణలి దగ్గరికి వెళ్ళి చేపలు తిప్పినా సరిపోయేది. అతను చెట్టు దగ్గరికి నడిచాడు. ఎర్రగుడ్డ కట్టిన లింకును కొక్కెంలోంచి తప్పించి, చాలా కిందికున్న లింకును పట్టుకుని పైకెత్తి తగిలించాడు. పైపు ముక్క అతని గడ్డం ఎత్తుకు లేచింది.

జూనీ పైపు వంకా అతని వంకా చూసింది. ఇది కొత్త ఆట. అతను "ఊఁ" అన్నాడు. అది వెనక్కి తగ్గి, ఉరికి, ఒక్క ఎగురులో అందుకుంది.

కుర్చీలు ఈలలేశాయి. స్ప్రింగు కిందికి సాగి పైకి లేచింది, దాంతోపాటు జూనీ, నాలుగు కాళ్ళూ గాలిలో. ఒళ్ళంతా కండలు తిరిగి ఎండలో మెరిసింది. వెర్నెల్ నడుచుకుంటూ వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బీరు సీసా చేతిలోకి తీసుకున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. ఎవరో గట్టిగా లెక్కపెట్టసాగారు. హోషియా నోరు మూతపడింది. ఆ కాసేపు వెర్నెల్‌కు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. తర్వాత రోజుల్లో అతన్ని ఎక్కువ కుమిలేలా చేసింది ఆ హాయే.

జూనీ పైపు కరిచి పట్టుకునే అతని వైపు ఓరగా చూస్తోంది. గింగిరాలు తిరిగి అటు మొహం పెట్టాల్సి వచ్చినా, మళ్ళీ తిరిగి ఇటు రాగానే అతన్నే చూస్తోంది. ఎప్పుడంటాడా అని ఎదురుచూస్తోంది. ఆట ఎప్పుడూ ఇంతసేపు సాగలేదు. లెక్క ఇంకా నడుస్తోంది కదా అని అతను ఆ మాట అనలేదు.

చివరికి హోషియా, "సరేలే బావా, ఒప్పుకున్నా," అన్నాడు. అప్పుడు వెర్నెల్ దర్జాగా, కుర్చీలోంచి కదలకుండా, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఇక చాలు తల్లీ!"

అనగానే అది వదిలేసింది. రోజూ చేసినట్టే, చెప్పిన క్షణమే, నమ్మకంగా. స్ప్రింగు అప్పుడు దాన్ని పైకి లేపుతోంది. నేల ఎక్కడో కింద ఉంది. గాలిలో ఒక పక్కకు తిరిగి, ఒక్క వెనక కాలి మీద పడింది. ఆ అరుపు విన్నవాళ్ళెవరూ ఆ సాయంత్రం మళ్ళీ చేప ముట్టలేదు.

తాడు నేల దగ్గర ఉన్నన్నాళ్ళు ఆ మాటకు కందనకాయ దొరికింది. అంత ఎత్తున అదే మాటకు పడిపోవడం దొరికింది. చెట్టు కిందికి వెళ్ళి, పొట్ట కింద చేతులు పెట్టి, బరువు మోసుకుని అప్పుడు ఆ మాట అనాలని అతనికి తట్టనే లేదు. అది మొండి కుక్క అయి ఉంటే, మాట వినని కుక్క అయి ఉంటే, స్ప్రింగు నెమ్మదించేదాకా పట్టుకుని వేలాడేది. మాట వినడం తనే నేర్పాడు. కాలు చెడగొట్టింది కూడా ఆ నేర్పిన మాటే.

కుక్కల డాక్టరమ్మ వేళ్ళతో మోకాలు కదిపి చూసి, లోపల లిగమెంట్ తెగిందని, ఆపరేషన్ చెయ్యాలని చెప్పింది. "నడుస్తుంది. కుంటడం మాత్రం ఉంటుంది. ఎగరడం, గుంజులాటలు ఇక మర్చిపోండి. ఎలా జరిగింది?" అని అడిగింది. "పైనుంచి పడింది," అన్నాడు వెర్నెల్. అది అబద్ధం కాదు. అక్కడితో ఆగినా బాగుండేది.

ఆసుపత్రి బయట హోషియా ఎదురుచూస్తున్నాడు. మొహం మాడిపోయి ఉంది. "బావా, మీ అక్కకి ట్రక్కు మీంచి దూకిందని చెప్పు. ఎవరు చూడొచ్చారు?"

"పెరడు నిండా జనం చూశారు."

"వాళ్ళంతా మనవాళ్ళేగా. ఎవడు నోరు విప్పుతాడు?"

"నీ మొహం నాకు చూపించకు. ఫో ఇక్కణ్ణుంచి," అన్నాడు వెర్నెల్. హోషియా మీద అంత అసహ్యం అతనికి ఎప్పుడూ కలగలేదు.

కాని మర్నాడు ఒజెల్లా ఫోన్ చేసి, "ఎలా ఉందిరా నా బంగారం?" అనేసరికి, హోషియా నేర్పిన మాటే పొల్లుపోకుండా అతని నోట్లోంచి వచ్చింది. "ట్రక్కు మీంచి దూకిందక్కా. కాలు మెలిపడింది. ఆపరేషన్ చేశారు."

అవతల నీళ్ళ చప్పుడు, ఇంజను చప్పుడు. తర్వాత ఒజెల్లా ఏడుపు ఆపుకుంటూ అంది. "పోన్లేరా. నీ తప్పేముంది. నువ్వు దగ్గరుండబట్టి వెంటనే చూపించావు. నేనైతే ఏ నది మీదో ఉండేదాన్ని. ఒరే, నేను నిర్ణయించేసుకున్నా. దాన్ని నీ దగ్గరే ఉంచెయ్. ఇక నీదే."

ఇన్నాళ్ళూ వినాలని అతను తపించిన మాట అదే. చెప్పెయ్యాల్సింది అప్పుడే. "ఊఁ," అన్నాడు.

ఆ తర్వాత జూనీకి చేసిన సేవకు వంక పెట్టడానికి లేదు. దుప్పటిలో ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళేవాడు. రాత్రిళ్ళు దాని పక్కనే నేలమీద పడుకునేవాడు. మందు చీజ్ ముక్కలో చుట్టి మింగించేవాడు. అతను ఎంత చేస్తే అది అంత ప్రేమగా చెయ్యి నాకేది, నాకినప్పుడల్లా అతనికి ఒళ్ళు చచ్చిపోయేది. ఒక్క చోటికి మాత్రం వెళ్ళలేకపోయాడు. పికాన్ చెట్టు వైపు చూడడానికే మనసొప్పలేదు. గడ్డి కూడా అంతవరకే కోసి వెనక్కి తిరిగేవాడు.

ఒజెల్లా వచ్చిన రోజు ట్రక్కు వెనక ఒక కొత్త పరుపు ఉంది. దాని అంచున జూనీ పేరు తనే దారంతో కుట్టింది. "నీ ఇంట్లో నీ చోటు నీకుండాలి కదే," అంటూ లోపలికి వచ్చి, కుంటుకుంటూ ఎదురొచ్చిన కుక్కను చూసి అక్కడే నేలమీద చతికిలబడింది. కుక్కా మనిషీ ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు. వెర్నెల్ వంటింట్లో నిలబడి కాఫీ కాస్తున్నట్టు నటించాడు.

కాఫీ తాగుతూ ఒజెల్లా పెరట్లోకి వెళ్ళింది. తిరిగి రాలేదు. కిటికీలోంచి చూస్తే చెట్టు కింద నిలబడి ఉంది. వెర్నెల్‌కు బయటికి వెళ్ళక తప్పలేదు.

కొక్కెంలో ఎక్కడో కింది లింకు ఉంది. ఎర్రగుడ్డ కట్టిన లింకు, మిగిలిన గొలుసుతోపాటు పక్కన ఊరికే వేలాడుతోంది. వానకు తడిసి, ఎండకు ఎండి గుడ్డ రంగు వెలిసింది. పైపు ముక్క ఒజెల్లా తలకంటే కొంచెమే కింద ఉంది.

"ఇది కొక్కెంలోంచి ఎప్పుడు తీశావు?"

ఇంకో అబద్ధం నాలిక దాకా వచ్చింది. గాలికి ఊడిందనో, ఎవరో ఆడుకున్నారనో. అక్క మొహం చూశాక మొత్తం చెప్పేశాడు. చేపల వేపుడు, హోషియా, లోరీన్ పేరు, కుర్చీ, బీరు సీసా, చివరికి ఆ మాట. కుర్చీలోంచి లేవకుండా అన్నానని కూడా చెప్పాడు.

ఒజెల్లా అరవలేదు. అరిచి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

"కాలి సంగతికి నిన్ను తిట్టి, నాలుగు రోజులు ఏడ్చి, మర్చిపోయేదాన్నిరా," అంది. "నలుగురిలో మాట పడలేకపోయావు. అర్థమవుతుంది. కాని నేను ఫోన్లో, నీ తప్పేం లేదురా, దాన్ని నీకే ఇస్తున్నానురా అని ఏడుస్తుంటే నువ్వు ఊఁ అన్నావు చూడు. ఆ ఊఁని ఏం చెయ్యమంటావు?"

"దాన్ని తీసుకుపోకక్కా."

"పడవ మానేస్తున్నా. ఇక్కడే బడి వంటింట్లో మనిషి కావాలంటున్నారు."

"నువ్వా? పడవ మానేస్తావా? నది లేకుండా ఉండలేవక్కా నువ్వు."

"ఉండాలి మరి. నమ్మి వదిలే చోటు లేదుగా," అని ఒజెల్లా కప్పు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

అక్క నది పోయింది, తన కుక్క పోయింది. రెండూ ఆ కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నందుకే. వెర్నెల్ గొలుసు విప్పి దించాడు. అంత చిన్న పని ఆ శనివారం చేతకాలేదు.

పరుపు ట్రక్కులోంచి దిగనే లేదు. ఒజెల్లా దాన్ని ముందు సీటు మీద పరిచి జూనీని పిలిచింది. అది కుంటుకుంటూ వచ్చింది గాని, దారిలో గొలుసు పడున్న చోట ఆగి పైపు ముక్కను నోట కరుచుకుంది. తాడు నేలమీద ఈడ్చుకుంటూ వెర్నెల్ దగ్గరికి వచ్చి, అతని కాళ్ళ ముందు నిలబడి, తల ఎత్తి చూసింది. తోక ఆడిస్తోంది. ఆడదామంటోంది.

"జూనీ, రావే," అంది ఒజెల్లా. అది కదల్లేదు. "వదులు. ఇక చాలు తల్లీ." ఆ మాట ఆవిడ నోట విని ఒక చెవి తిప్పింది, అంతే. ఇంకా వెర్నెల్‌నే చూస్తోంది. ఆ మాట అతను అంటేనే దానికి లెక్క.

ఒజెల్లా ట్రక్కు తలుపు పట్టుకుని, ఎటో చూస్తూ అంది. "నువ్వే చెప్పు."

వెర్నెల్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగు కాళ్ళూ నేల మీదే ఉన్నాయని తెలిసినా, రెండు చేతులూ దాని పొట్ట కింద పెట్టి బరువు తను తీసుకున్నాడు. కుట్లు వేసిన చోట వెంట్రుకలు ఇంకా పొట్టిగా, గరుగ్గా ఉన్నాయి. అది ఓపిగ్గా, ఆ రోజు గాలిలోంచి చూసినట్టే, ఎప్పుడంటాడా అని చూస్తోంది. ఈసారి ఎక్కువసేపు ఎదురుచూడనివ్వకూడదనుకున్నాడు.

"ఇక చాలు తల్లీ," అన్నాడు.

జూనీ వెంటనే వదిలేసింది. కూర్చుని అతని జేబు వైపు చూసింది. జేబులో ఏమీ లేదు.